చట్టం చౌక, కాపలా ఖరీదు: బ్రిటిష్ తూర్పు ఆఫ్రికాలో వన్యప్రాణి సంరక్షణ పద్దులు

1900 మే 19న లండన్‌లో బ్రిటన్, జర్మనీ, ఫ్రాన్స్, పోర్చుగల్, స్పెయిన్, ఇటలీ, వాటితోపాటు బెల్జియం రాజు లియొపోల్డ్ తన సొంత ఆస్తిలా ఏలుతున్న కాంగో రాజ్యం కలిసి ఆఫ్రికాలోని అడవి జంతువులు, పక్షులు, చేపల సంరక్షణకు ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఏయే జంతువులను అసలు ముట్టకూడదో, వేటిలో పిల్లలనూ పిల్లలతో ఉన్న ఆడవాటినీ వదిలిపెట్టాలో, సింహం, చిరుత, హైనా వంటి వేటిని తగ్గించాలో జాబితాలు కట్టారు. అయిదు కిలోలకు తక్కువ తూగే ఏనుగు దంతాన్ని జప్తు చేయాలన్నారు. మొసళ్ళ గుడ్లనూ విషసర్పాల గుడ్లనూ నాశనం చేయించాలని కూడా రాసుకున్నారు. లైసెన్సు లేకుండా వేట కుదరదన్నారు. ఇంత వివరంగా సాగిన పత్రంలో ఈ పనులన్నీ చూసే మనుషులను ఎవరు నియమించాలి, వారి జీతాలు ఏ ఖజానా నుంచి రావాలి అన్న ప్రస్తావన మాత్రం లేదు. సంతకం చేసినవారందరూ దానిని ధ్రువీకరించకపోవడంతో ఒప్పందం అమలులోకే రాలేదు. అయినా దాని జాబితాలు, లైసెన్సు పద్ధతి బ్రిటిష్ కాలనీల వేట చట్టాలకు మూసగా నిలిచాయి, వాటితోపాటు ఆ మౌనమూ వచ్చి చేరింది.

ఆ మౌనానికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే కాదు. ఏ కాలనీ ఖర్చు ఆ కాలనీయే సంపాదించుకోవాలన్నది బ్రిటిష్ సామ్రాజ్యపు మూల ఆర్థిక సూత్రం. లోటు వస్తే లండన్ ఖజానా గ్రాంటు ఇచ్చేది, ఇచ్చినంత కాలం ప్రతి పద్దునూ తానే తనిఖీ చేసేది. తర్వాతి కాలంలో కెన్యా అని పేరు మారిన తూర్పు ఆఫ్రికా ప్రొటెక్టరేట్ (బ్రిటిష్ రక్షిత ప్రాంతం) 1912 వరకు అలాంటి గ్రాంటు మీదే బతికింది. ఆ ప్రాంతం మీదుగా 1901లో పూర్తయిన ఉగాండా రైలుమార్గం కోసం బ్రిటన్ పెట్టిన పెట్టుబడికి ఏదో ఒక రాబడి చూపించాలన్న ఒత్తిడి అక్కడి పాలకుల మీద మొదటినుంచీ ఉంది. సైన్యం, పోలీసు, గుడిసె పన్ను వసూలు, రైలు, ఆ తర్వాత యూరోపియన్ వలసరైతుల అవసరాలు, ఈ వరుసలో జింకలకూ ఖడ్గమృగాలకూ కాపలా పెట్టడమన్నది చిట్టచివరి పద్దు.

అయితే పోలీసు పద్దుకు లేని ఒక సౌకర్యం ఈ పద్దుకు ఉంది. వేటను అదుపు చేస్తూ జంతువులను కాపాడే వేట శాఖ ఖర్చు పెట్టడంతోపాటు సంపాదించేది కూడా. లైసెన్సు రుసుములు, జరిమానాలు, జప్తు చేసిన దంతాల అమ్మకం అన్నీ జమ వైపు కనిపించేవి. ఖర్చుకు మించి జమ ఉన్నంతవరకు ఆ శాఖ మనుగడకు ఢోకా లేదు. జమ తగ్గిన ఏడాది ఈ శాఖ ఎందుకన్న ప్రశ్న వచ్చేది. తర్వాతి అరవై ఏళ్ళలో ఆ శాఖల సిబ్బంది ఏం చేశారు, ఏం చేయలేకపోయారు అన్నది చాలావరకు ఈ లెక్క నుంచే అర్థమవుతుంది.

మొదట లైసెన్సుల సంగతి. తూర్పు ఆఫ్రికా ప్రొటెక్టరేట్‌లో అప్పట్లో చెలామణిలో ఉన్నది భారతీయ రూపాయి. 1920 వరకు అక్కడి జీతాలు, పన్నులు, జరిమానాలు అన్నీ రూపాయల్లోనే. రైలుమార్గం వేసేందుకు మన ఉపఖండం నుంచి ముప్పై వేలకు పైగా కూలీలను తీసుకెళ్ళడంతో ఆ నాణెం అక్కడ మరింత పాతుకుపోయింది. బయటినుంచి సరదా వేటకు వచ్చే పెద్దమనిషి 750 రూపాయలు, అంటే 50 పౌన్లు కట్టి లైసెన్సు తీసుకోవాలి. ప్రభుత్వోద్యోగికీ వలసరైతుకూ దానిలో అయిదో వంతు చాలు. ఈ తేడా వెనక ఉన్న లెక్క స్పష్టమే. దూరం నుంచి వచ్చే ధనికుడు ఎంతైనా పెట్టగలడు, ఉద్యోగిని మాత్రం మారుమూల జిల్లాలో తక్కువ జీతానికి నిలబెట్టాలంటే వేట ఒక భత్యంలాంటిది. 1909లో పదవి దిగిన వెంటనే అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కొడుకుతోనూ శాస్త్రజ్ఞుల బృందంతోనూ అక్కడికి వచ్చి నెలల తరబడి వేటాడిన తర్వాత నైరోబీకి సఫారీ వ్యాపారం మరింత కలిసివచ్చింది. జంతువులను కాపాడాలన్న వాదనకు ప్రభుత్వ కార్యాలయాల్లో తిరుగులేని బలం చేకూరింది ఇక్కడే: జంతువులు లేకపోతే లైసెన్సులు లేవు, లైసెన్సులు లేకపోతే ఆదాయం లేదు.

ఆ ఆదాయంలో కాపలాకు తిరిగి వెళ్ళింది ఎంత అని చూస్తే చిత్రం మారిపోతుంది. మొదట్లో ఈ పని జిల్లా అధికారుల మీద అదనపు బాధ్యత. పన్ను వసూలు, తగాదాల తీర్పులు, రోడ్డు పనులతోపాటు వేట నిషేధించిన రిజర్వులో ఎవరు తుపాకీ పేల్చారో కూడా వారే చూడాలి. ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో బ్లేనీ పెర్సివల్‌ను గేమ్ రేంజర్‌గా నియమించారు. 1907లో ఈ పనికి పెద్ద అయిన గేమ్ వార్డెన్ పదవిని లెఫ్టినెంట్ కర్నల్ జాన్ పాటర్సన్‌కు ఇచ్చారు. 1898లో సావో నది వంతెన దగ్గర భారతీయ కూలీలను పొట్టనబెట్టుకున్న రెండు సింహాలను కాల్చి పేరు తెచ్చుకున్న ఇంజనీరు ఆయన. వన్యప్రాణుల అధికారికి కావలసిన అర్హత ఏమిటని ఆ ప్రభుత్వం అనుకుందో ఈ ఎంపికే చెబుతుంది. 1908లో ఆయన నడిపిన ఒక సఫారీలో ఇంగ్లండ్ ప్రభువు కొడుకు ఒకరు తుపాకీ తూటాకు చనిపోవడం పెద్ద దుమారమై, ఆయన పదవి ముగిసింది. 1910లో వచ్చిన ఆర్. బి. వూస్నమ్ అసలైన ప్రకృతి శాస్త్రజ్ఞుడు. ఆయన 1915లో గల్లిపోలి యుద్ధంలో చనిపోయారు. ఆ తర్వాత మళ్ళీ పెర్సివలే ఆ బరువు మోశారు. 1920ల మధ్య నుంచి పాతికేళ్ళపాటు ఆ కుర్చీలో కూర్చున్న కెప్టెన్ ఆర్చీ రిచీ కాలానికి గాని అది స్థిరమైన శాఖ అనిపించుకోలేదు. దేశ విస్తీర్ణం రెండు లక్షల చదరపు మైళ్ళకు పైనే. శాఖలోని యూరోపియన్ అధికారులు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంత మంది.

ఈ లోటును పూడ్చేందుకు కనిపెట్టిన ఉపాయం గౌరవ వార్డెన్ల పద్ధతి. జీతం లేకుండా, బిరుదూ కొంత అధికారమూ ఇచ్చి వలసరైతులను, మాజీ సైనికాధికారులను ఈ పనికి నియమించేవారు. వారిలో నిజంగా శ్రద్ధ ఉన్నవారు లేకపోలేదు. కానీ పంటలో జొరబడ్డ జీబ్రా గుంపులను చూసి మండిపడే రైతే వాటికి కాపలాదారు కావడంలో కంచే చేను మేసే ప్రమాదం ఎప్పుడూ ఉంది. జీతం లేని మనిషిని ఏ ప్రభుత్వమూ గట్టిగా అడగలేదు. ఖర్చు లేకుండా సిబ్బంది సంఖ్య పెంచుకోవడమన్న ఈ ఆకర్షణ స్వాతంత్ర్యం వరకు తగ్గలేదు.

వార్షిక నివేదికల్లో పేర్లు కనబడే ఈ దొరల వెనక, పేర్లు కనబడని ఆఫ్రికన్ స్కౌట్లు ఉన్నారు. అడుగుజాడలు పట్టడం, నీటిగుంటల దగ్గర కాపు కాయడం, ఉచ్చులు ఏరివేయడం, పట్టుబడినవారిని మేజిస్ట్రేటు దగ్గరికి నడిపించుకుపోవడం, దంతాలు మోయించడం, పొలాల మీద పడ్డ ఏనుగును వెంటాడడం అన్నీ వారి పనులే. చాలామంది కింగ్స్ ఆఫ్రికన్ రైఫిల్స్ పటాలంలో పనిచేసి వచ్చిన సిపాయిలు. మరికొందరు స్వయంగా వేటగాళ్ళ కుటుంబాలనుంచి వచ్చినవారు. వీరు ఎంత కాలం పనిచేసినా చేరగల పైమెట్టు సార్జెంటు హోదా, లేదా హెడ్ స్కౌట్ హోదా. అసిస్టెంట్ వార్డెన్ ఉద్యోగం యూరోపియన్లదే. ఈ ఏర్పాటుకు జాతివివక్ష మూలమన్నది నిజమే, బడ్జెట్ కూడా దానికి తోడయింది. ఒక యూరోపియన్ అధికారి జీతం, ఇల్లు, ఓడ ప్రయాణపు ఖర్చు, దీర్ఘకాలపు సెలవు, పింఛను అన్నీ కలిపితే వచ్చే మొత్తంతో పదుల కొద్దీ స్కౌట్లను పోషించవచ్చు. అందుకే శాఖ విస్తరించాలనుకున్నప్పుడల్లా కింది అంతస్తు వెడల్పయింది. పై అంతస్తు మాత్రం ఇరుకుగా, తెల్లగా ఉండిపోయింది.

లెక్క అసలు రూపం బయటపడింది ఏనుగుల విషయంలో. ఉగాండాలో వేట శాఖ 1920ల మధ్యలో పుట్టిందే పంటల మీద పడే ఏనుగులను అదుపు చేయడానికి. 1925 నుంచి 1951 వరకు అక్కడ గేమ్ వార్డెన్‌గా ఉన్న కెప్టెన్ చార్ల్స్ పిట్మన్ పక్షుల మీద, పాముల మీద పరిశోధన చేసిన పండితుడు. ఆయన శాఖలోని సిబ్బంది సమయంలో అధిక భాగం గడిచింది ఏనుగులను కాల్చడంలో. ఏడాదికి వందల సంఖ్యలో, కొన్నేళ్ళలో వెయ్యికి మించి ఏనుగులు ఈ అదుపు కింద చచ్చేవి. వాటి దంతాలను ప్రభుత్వం వేలం వేసేది, ఆ రాబడి శాఖ ఖర్చును సునాయాసంగా భరించేది. టాంగన్యికాలోనూ (నేటి టాంజానియా ప్రధాన భూభాగం) ఇదే తీరు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్ల నుంచి ఆ దేశం బ్రిటన్ చేతికి వచ్చాక 1919లో సి. ఎఫ్. ఎమ్. స్విన్నర్టన్ నాయకత్వంలో వేట శాఖ ఏర్పడింది. 1922లో సెలూస్ రిజర్వు వెలిసింది. ఆ తర్వాత 1930ల నుంచి సి. జె. పి. అయోనిడెస్ అనే రేంజర్ దానిని విస్తరించే పని పట్టుదలగా సాగించారు. ఆ విస్తరణకు మార్గం ఒకవైపు ఏనుగులను జనం లేని భాగాల్లోకి తోలడం, మరోవైపు జనాన్ని ఆ భాగాల నుంచి బయటికి తరలించడం. రెండో పనికి, ట్సెట్సీ ఈగ వల్ల మనుషులకు సోకే నిద్రజబ్బు నివారణ అన్న పేరు కూడా కలిసివచ్చింది.

ఈ వ్యవస్థను ఒట్టి కపటమని కొట్టివేయడం తేలిక. కానీ సరికాదు. పంట నష్టం నిజమైనది. ఒక్క రాత్రిలో ఏడాది తిండి పోగొట్టుకున్న రైతుకు ప్రభుత్వం ఏదో ఒకటి చేయాలి. అయితే పూర్వం ఆ రైతులు తమ ఈటెలతో, గోతులతో, విషపు బాణాలతో ఏనుగును తామే ఎదుర్కొనేవారన్న సంగతిని మరిచిపోకూడదు. వేట చట్టం వారి పద్ధతులను నేరాలుగా మార్చింది, తుపాకీ లైసెన్సు వారికి అందనంత ఎత్తులో పెట్టింది. రక్షణ పనిని ప్రజల చేతుల నుంచి లాక్కున్న ప్రభుత్వం దాన్ని తన సిబ్బందితో చేయించక తప్పలేదు, ఆ పనిలో దొరికిన దంతాన్ని మాత్రం తన జమలో వేసుకుంది. చచ్చిన ఏనుగు వల్ల శాఖకు రాబడి, బతికిన ఏనుగు వల్ల ఫిర్యాదులు: ఇలాంటి లెక్కలో పనిచేసే అధికారి మనసు ఎంత మంచిదైనా, ఏడాది చివర ఆయన నివేదికలో ముందు పేజీకి ఎక్కేది దంతాల తూకమే. కెన్యాలో 1944 నుంచి 1946 మధ్య మకుఎని ప్రాంతంలో కాంబా రైతులకు భూములు ఇవ్వడానికి పొదలు నరికించినప్పుడు వేట శాఖ తరఫున జె. ఎ. హంటర్ ఒక్కరే వెయ్యికి దగ్గరగా ఖడ్గమృగాలను కాల్చారు. వన్యప్రాణుల కోసం పెట్టిన శాఖే ఆ పని చేయించింది. దక్షిణ రొడీషియాలో (నేటి జింబాబ్వే) పశువులకు జబ్బు తెచ్చే ట్సెట్సీ ఈగను తరిమేందుకని దశాబ్దాలపాటు లక్షల జంతువులను చంపించారు. సంరక్షణకు ఎన్నడూ దొరకనంత మంది వేటగాళ్ళు ఆ సంహారానికి జీతం మీద దొరికారు.

బ్రిటిష్ ఇండియాలో కథ వేరు. ఇక్కడ వన్యప్రాణుల కోసం ప్రత్యేక శాఖ లేదు, అడవుల కోసం మాత్రం పెద్ద శాఖ ఉంది. ఏనుగులను చంపితే బహుమానం ఇస్తూ వచ్చిన మద్రాసు ప్రభుత్వమే 1873లో అడవి ఏనుగుల సంరక్షణకు చట్టం చేసింది. ఆరేళ్ళ తర్వాత దేశమంతటికీ అలాంటి చట్టం వచ్చింది. సైన్యానికి, కలప లాగడానికి ఏనుగు పనికొస్తుందన్న తెలివిడి దాని వెనక ఉంది. 1879లోనే నీలగిరి వేట, చేపల చట్టం కూడా వచ్చింది. అక్కడి వేటగాళ్ళ సంఘం చేతుల మీదుగా సాగిన పని గనుక దానికి కాస్త కాపలా దొరికింది. గంజాం నుంచి గోదావరి మన్యం వరకు తెలుగు జిల్లాల్లో 1882 మద్రాసు అటవీ చట్టం కింద అడుగుపెట్టిన ఫారెస్టు గార్డు కలప, వెదురు, మేత రుసుము, పోడు నిషేధం చూడడానికి వచ్చాడు. పులి, చిరుత ఆ శాఖ దృష్టిలో బహుమానం ఇచ్చి చంపించవలసిన జంతువులు. 1875 నుంచి 1925 దాకా యాభై ఏళ్ళలో దేశంలో ఎనభై వేలకు పైగా పులులు హతమయ్యాయని చరిత్రకారుల అంచనా. తూర్పు ఆఫ్రికాలో సిబ్బంది లేక చట్టం నీరుగారితే, ఇక్కడ సిబ్బంది ఉండీ వారి పని జాబితాలో జంతువు లేదు. 1912 నాటి అడవి పక్షులు, జంతువుల చట్టం వచ్చాక కూడా దాని కోసం విడిగా మనుషులను పెట్టింది లేదు.

ఇదే కాలంలో ఇంకో రెండు నమూనాలు నడిచాయి. దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్‌లో 1902లో సాబీ రిజర్వుకు వార్డెన్‌గా వెళ్ళిన జేమ్స్ స్టీవెన్సన్ హామిల్టన్ కొద్దిమంది తెల్ల రేంజర్లతో, ఆఫ్రికన్ పోలీసులతో ఆ ప్రాంతాన్ని తన సొంత రాజ్యంలా నడిపారు. డబ్బు అడిగితే దొరకదని గ్రహించి ఆయన అధికారాలు అడిగారు. పోలీసు అధికారం, స్థానికుల వ్యవహారాల అధికారం ఆయన కార్యాలయానికే చేరాయి. జనాన్ని ఊడ్చేసినవాడన్న అర్థంలో స్కుకుజా అని స్థానికులు ఆయనకు పెట్టిన పేరు, తర్వాత ఆ రిజర్వు నుంచి ఏర్పడిన క్రూగర్ పార్కు ప్రధాన శిబిరానికే స్థిరపడింది. రెండో నమూనా బెల్జియన్ కాంగోలోనిది. 1925లో ఏర్పడిన ఆల్బర్ట్ జాతీయ పార్కును, 1934 నాటికి దానిపైన పెట్టిన పార్కుల సంస్థను కాలనీ రోజువారీ బడ్జెట్ కింద గాక రాజకుటుంబ ఆదరణతో, శాస్త్ర పరిశోధన లక్ష్యంతో నడిపారు. అక్కడ సందర్శకుడికన్నా శాస్త్రజ్ఞుడికే పెద్దపీట. రాబడి చూపించనక్కర లేని శాఖ దంతాలు అమ్ముకోనక్కర లేదు. ఆ సౌకర్యం బ్రిటిష్ వార్డెన్లు ఎవరికీ లేదు. అయితే కాంగో పార్కు భూముల నుంచి వెళ్ళగొట్టిన పల్లెల దృష్టిలో ఈ తేడాకు పెద్ద అర్థం లేదు.

బ్రిటన్‌లో 1903లో వేటగాళ్ళు, ప్రభువులు కలిసి పెట్టుకున్న సామ్రాజ్య వన్యజంతు సంరక్షణ సంఘాన్ని అప్పటివారు పశ్చాత్తాపం పొందిన కసాయిలని వెక్కిరించేవారు. ఆ సంఘానికి పలుకుబడి ఉంది, డబ్బు తక్కువ. మంత్రుల దగ్గరికి ప్రతినిధివర్గాలను తీసుకెళ్ళేది, రిజర్వులను తగ్గించవద్దని లేఖలు రాసేది. 1930లో మేజర్ హింగ్‌స్టన్‌ను తూర్పు, మధ్య ఆఫ్రికా కాలనీలకు పంపించి జాతీయ పార్కులు కావాలని నివేదిక రాయించింది. 1933లో లండన్‌లో కుదిరిన రెండో ఒప్పందం ఆ కృషి ఫలితమే. జాతీయ పార్కు అంటే ఏమిటో అది నిర్వచించింది, 1936లో అమలులోకి కూడా వచ్చింది. కానీ అప్పటికి ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. ఎగుమతుల ధరలు పడిపోయి కాలనీలన్నీ ఉద్యోగాలు తగ్గించుకుంటున్న రోజుల్లో కొత్త పార్కులకు వార్డెన్లను ఎక్కడినుంచి తేవాలి? వెంటనే రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. సిబ్బంది సైన్యంలో చేరారు, కెన్యాలో యుద్ధఖైదీల, కూలీల తిండికి అడవి జంతువులను కాల్పించారు. ఒప్పందం కుదిరిన పదమూడేళ్ళకు, 1946లో, కెన్యా తన మొదటి జాతీయ పార్కును నైరోబీ పొలిమేరలో తెరిచింది.

ఆ పార్కుతో పరిపాలన తీరూ మారింది. వేట శాఖకు సంబంధం లేకుండా ధర్మకర్తల మండలి కింద, మెర్విన్ కౌవీ డైరెక్టరుగా, ప్రభుత్వ గ్రాంటు, ప్రవేశ రుసుముల మీద పార్కులు నడవాలన్నారు. చచ్చిన జంతువు నుంచి కాక చూడడానికి వచ్చిన మనిషి నుంచి డబ్బు రావాలన్న ఆలోచన మంచిదే. కానీ నైరోబీ పార్కు లాంటిది ఊరికి కూతవేటు దూరంలో ఉంది, సావో అలాంటిది కాదు. 1948లో ప్రకటించిన సావో పార్కు సుమారు ఎనిమిది వేల చదరపు మైళ్ళ ముళ్ళపొద. నీళ్ళు లేవు, దారులు లేవు, సందర్శకులు అంతకన్నా లేరు. అందులో తూర్పు సగానికి వార్డెన్‌గా వచ్చిన డేవిడ్ షెల్డ్రిక్, ఆయన కింద బిల్ వుడ్లీ వంటి ఒకరిద్దరు సహాయకులు మొదటి కొన్నేళ్ళు గడిపింది ఎక్కువగా రోడ్లు వేయించడంలో. ఖడ్గమృగం ఎక్కడ చచ్చిందో తెలియాలన్నా ముందు అక్కడికి లారీ వెళ్ళగలగాలి.

ఇక్కడే మరో సంగతి తెలుస్తుంది. సంరక్షణకు ఏళ్ళ తరబడి దొరకని మనుషులు, వాహనాలు, రేడియోలు భద్రత పేరుతో అడిగినప్పుడు దొరికాయి. బ్రిటిష్ పాలన మీద లేచిన మౌమౌ తిరుగుబాటును అణచేందుకు 1952 నుంచి నడిచిన అత్యవసర పరిస్థితి కెన్యా ప్రభుత్వానికి అడవుల్లో గాలింపు, వేగుల వ్యవస్థ, సామూహిక విచారణ వంటి పద్ధతులు నేర్పింది. ఆ పోరులో పనిచేసి వచ్చిన వుడ్లీ, షెల్డ్రిక్ కలిసి 1956, 1957 సంవత్సరాల్లో సావో చుట్టూ దొంగవేట అణచివేతను దండయాత్రలా నడిపారు. పార్కు సొంత రేంజర్లలో ఎక్కువమందిని ఉత్తరాది తుర్కానా, సంబూరు, సొమాలీ వంటి పశుపాలక జాతుల నుంచి ఎంచుకున్నారు. స్థానికులతో చుట్టరికం లేనివాడు మొహమాటపడడన్నది అందులోని లెక్క. పట్టుబడినవారిలో ముఖ్యులు వాటా జాతివారు, తరతరాలుగా ఆరడుగుల విల్లుతో, విషపు బాణంతో ఏనుగును వేటాడి బతికినవారు. దంతాన్ని కొని తీరానికి చేర్చి ఓడలకెక్కించిన వర్తకులు జైళ్ళలో అంతగా కనబడలేదు. అణచివేత సైనికంగా విజయం సాధించింది; ఊళ్ళకు ఊళ్ళు మగదిక్కు లేకుండా పోయాయి. ఆ తప్పును కొంత దిద్దడానికి 1960లో గలానా పథకం పెట్టారు. వాటా వారిచేత చట్టబద్ధంగా కొన్ని ఏనుగులను వేటాడించి, మాంసం, దంతం అమ్మి వారికి జీతాలివ్వాలన్న ఆ ప్రయత్నానికి పెట్టుబడిలో ఒక భాగం బ్రిటన్‌లోని నఫీల్డ్ ఫౌండేషన్ ఇచ్చింది. కాలనీ బడ్జెట్‌లో దానికి చోటు దొరకడం కష్టమైంది.

డబ్బు దారి మళ్ళించి చూసినవారు అక్కడక్కడా లేకపోలేదు. ఉత్తర రొడీషియాలో (నేటి జాంబియా) ఏనుగుల అదుపు ఉద్యోగిగా మొదలైన నార్మన్ కార్ 1950లో లువాంగ్వా లోయలో కుండా జాతి నాయకుడు న్సెఫును ఒప్పించి, ఆయన భూమిలో సందర్శకుల కోసం చిన్న శిబిరం కట్టించారు. వచ్చిన రుసుము ఆ జాతి స్థానిక ఖజానాకే జమ. అంతవరకు జంతువుల వల్ల పంటనష్టమూ జైలూ తప్ప ఏమీ ఎరగని పల్లెకు జంతువు పేరుమీద డబ్బు చేతికందడం అదే మొదలు. కెన్యాలో దీనికి సమానమైన అడుగు స్వాతంత్ర్యం గుమ్మంలో, 1961లో గాని పడలేదు. అంబొసెలి రిజర్వును కాజియాడో జిల్లా మండలికి, మారా రిజర్వును నరోక్ జిల్లా మండలికి అప్పగించి, రాబడినీ కాపలానూ మసాయి మండళ్ళ చేతుల్లో పెట్టారు. దీన్ని ఔదార్యమనుకోవాలా, దిగిపోతున్న ప్రభుత్వం భారం దించుకోవడమనుకోవాలా అన్నది చెప్పడం కష్టం. రెండూ కలిసే ఉండవచ్చు.

టాంగన్యికాలో పరిస్థితి మరీ సున్నితం. 1951లో ఏర్పడిన సెరెంగెటి పార్కు సరిహద్దులను 1959లో మార్చినప్పుడు మసాయిలను మైదానం నుంచి ఖాళీ చేయించి, న్గొరొంగొరో ప్రాంతాన్ని పార్కు నుంచి విడదీశారు. ఆ మైదానంలో జంతువులను విమానం నుంచి మొట్టమొదట లెక్కపెట్టింది ప్రభుత్వ శాఖ కాదు. ఫ్రాంక్‌ఫర్ట్ జంతుప్రదర్శనశాల అధిపతి బెర్న్‌హార్డ్ గ్జిమెక్, ఆయన కొడుకు మైకేల్. ఆ పనిలోనే 1959 జనవరిలో విమానం కూలి మైకేల్ చనిపోయారు. ఎన్ని జంతువులున్నాయో తెలుసుకునే ప్రాథమిక పనికి కూడా దేశ బడ్జెట్‌లో వనరులు లేవన్నమాట. 1960లో పార్కుల డైరెక్టరుగా వచ్చిన జాన్ ఓవెన్ తన సమయంలో పెద్ద భాగాన్ని అమెరికాలో, ఐరోపాలో దాతల చుట్టూ తిరగడానికే కేటాయించాల్సి వచ్చింది.

ఈ నేపథ్యంలో 1961 సెప్టెంబరులో టాంగన్యికాలోని అరూషా పట్టణంలో జరిగిన సమావేశంలో, ఆ దేశ నాయకుడు జూలియస్ న్యెరేరె పేరుతో వెలువడిన ప్రకటనను చూడాలి. వన్యప్రాణులు తమ వారసత్వమని ఒప్పుకుంటూనే, వాటి సంరక్షణకు నిపుణుల జ్ఞానం, శిక్షణ పొందిన మనుషులు, డబ్బు కావాలని, ఇతర దేశాలు సహకరించాలని అది నేరుగా అడుగుతుంది. 1900 నాటి ఒప్పందం దాటవేసిన ప్రశ్న అరవై ఒక్క ఏళ్ళ తర్వాత కాగితం మీదకు ఎక్కింది. అడగవలసిన అవసరం ఎంతటిదంటే, నాలుగు దశాబ్దాల బ్రిటిష్ పాలన తర్వాత టాంగన్యికాలో వార్డెన్ కుర్చీలో కూర్చోబెట్టేందుకు శిక్షణ పొందిన ఆఫ్రికన్ అధికారుల వర్గమన్నదే లేదు. స్కౌట్లుగా ఇరవై ఏళ్ళు పనిచేసినవారు ఉన్నారు; లెక్కలు రాయడం, బడ్జెట్ కట్టడం, కోర్టులో కేసు నడపడం నేర్పినవారు లేరు. 1963లో కిలిమంజారో పాదాల దగ్గర మ్వెకాలో వన్యప్రాణి నిర్వహణ కళాశాల తెరిచింది ఆ ఖాళీని పూడ్చడానికే. దాని గదులకు, గురువులకు, విద్యార్థుల ఉపకార వేతనాలకు ఎక్కువభాగం డబ్బు పశ్చిమ దేశాల ప్రభుత్వాలు, సంస్థలు ఇచ్చాయి. అక్కడ చదివి బయటికి వచ్చిన తొలి తరగతులవారు చేరిన శాఖల్లో ఏనుగు దంతం అమ్మకం అప్పటికీ జమ వైపు ఒక పద్దుగానే ఉంది.